ముందు మడవ మూయండి

మొన్న కల్లూరులో మా వీధి చివర రంగుల గోడౌనుకు నిప్పంటుకుంది. ఫైరింజను వచ్చింది, మంటలు ఆరాయి, ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ హమ్మయ్య అనుకుని ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. నేను మాత్రం మేడమెట్ల మీద నిలబడి గొంతు చించుకుంటున్నాను. గోడౌనులోంచి నీళ్లు నీలంగా, ఎర్రగా, జిడ్డుగా వీధిలోకి వచ్చి మా గేటు ముందునుంచి కాలవలోకి పోతున్నాయి. పిల్లలు అందులో చెప్పులు తడుపుకుంటున్నారు.

"ఆ నీళ్లకు అడ్డం ఎయ్యండప్పా! ముందు మడవ మూయండి!" అని నేనరుస్తుంటే ఫైరింజను పిల్లాడొకడు తలెత్తి చూసి, "మంట ఆరిపోయిందిలే అవ్వా, భయపడొద్దు" అన్నాడు. నాకు భయమేమిటి, నా మొహం! మనవడొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. "మడవేంది జేజీ? ఇదేమన్నా వరిమడా?" అని నవ్వాడు.

ఆ మాటతో నా కోపమంతా ఎటో పోయింది. మడవంటే పొలం గట్టులో నీళ్లు పారడానికి తీసే గండి. నీళ్లు కావాలంటే తీస్తారు, వద్దంటే ఒక పార మట్టి వేసి మూస్తారు. వరిమడి లేనిచోట మడవ మాట ఎత్తి ఊరంతటితో నవ్వించుకున్న మనిషి మా అత్త. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ పూట మాత్రం నాకు అన్నం సయించలేదు. ముసలిదానికి అత్త మీద బెంగేమిటని నవ్వేవాళ్లు నవ్వండి. నా కన్నతల్లి ముఖం నాకు సరిగా గుర్తులేదు, చిన్నప్పుడే పోయింది. బెంగ పెట్టుకోవడానికి నాకున్నది ఆమె ఒక్కతే.

మా అత్త సంగటి తినేటప్పుడు చూడాలి. ముద్దలో గుంత చేసి పప్పు పోసుకోవడం మా సీమలో అందరూ చేసేదే. ఈమె అంతటితో ఊరుకోదు. గుంత అంచులు వేలితో ఒత్తి గట్టు కడుతుంది. ఒక పక్కనుంచి తింటూ, గట్టు తెగి పప్పు కారబోతే చిటికెడు సంగటి తీసి అక్కడ అతికిస్తుంది. "గండి పడె మే" అని నావైపు చూసి నవ్వుతుంది. ఆమె తిని లేచాక తట్ట చూస్తే కడిగినట్టుండేది. ఒక్క చుక్క అంచు దాటేది కాదు.

ఊళ్లో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మా మామ పోయాక వేరుశనగ కాయల మిషను ఆమే నడిపింది కాబట్టి అందరికీ మిషనమ్మ. మైదుకూరుకు కొంచెం ఇవతల, కడప నుంచి కర్నూలు పోయే రోడ్డు పక్కనే మిషను. రైతులు బండ్లమీద కాయలు తెచ్చేవారు, ఇంజను దడదడమంటూ వాటిని వలిచి గింజ ఒకపక్కకు, పొట్టు ఒకపక్కకు పోసేది. మా అత్త పొడుగ్గా, నల్లగా, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చేతిలో ఎప్పుడూ ఒక పార పట్టుకుని ఆవరణలో తిరిగేది. పెత్తనం చేసే ఆడమనిషి చేతిలో తాళాల గుత్తి ఉంటుందని నేను విన్నాను. మా ఇంట్లో అది గోడకు వేలాడేది, పార మాత్రం ఆమె చెయ్యి వదిలేది కాదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం తలంటుకుని, కుంకుడు రసం గిన్నె కడిగి దొడ్లో గుమ్మరించాను. వెనకనుంచి అడిగింది.

"ఇది యాడికి పోతాది?"

"బయటికి పోతుందత్తా."

"బయట అంటే యాడ?"

ఆమె నా తడిజుట్టు కూడా తుడుచుకోనివ్వకుండా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. ఆ నురగ నీళ్ల వెంట ఇద్దరం నడిచాం. దొడ్లోంచి సందులోకి, సందులోంచి మిషను గోడ పక్కకు, అక్కడినుంచి వాలులోకి దిగి ఇసుకవంక ఒడ్డు దాకా. అక్కడ ఆగి, కొంగుతో నా తల తుడుస్తూ కింద వంకలోకి చూపించింది. ఆడవాళ్లు కూర్చుని చెంబులతో కడవలు నింపుకుంటున్నారు.

మా ఊళ్లో బావులన్నీ ఉప్పునీళ్లు. పప్పు ఉడకదు, గొంతు దిగదు. తాగే నీళ్లు ఆ వంకలోనే. వానాకాలం నాలుగు రోజులు పారి ఎండిపోయే వంక అది. ఎండిన ఇసుకలో చేతులతో గుంత తీస్తే అడుగున నీరు ఊరుతుంది. వాటినే చెలమలంటాం. ఇసుకలో వడకట్టుకుని వచ్చే ఆ నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి. చెంబుతో తోడేస్తే మళ్లీ ఊరేదాకా ఓపిగ్గా కూర్చోవాలి.

"పోసేటప్పుడు కుంకుడు నీళ్లు, రేపు పొద్దున మంచినీళ్లు. కళ్లల్లో పడితేనే మండుతాది గదా, కడుపులోకి పోసుకుంటావా?" అన్నది. తర్వాత నా మొహం చూసి జాలిపడినట్టుంది. "గమ్మునుండు మే, ఏడ్చాకు. ఇంగ చెట్ల మొదట్లో పొయ్యి. చెట్టు తాగుతాది, మనకు రాదు."

ఆనాటినుంచి ఆ మాట నన్ను పట్టుకుంది. గంజి వార్చినా, సున్నపు కుండ కడిగినా, ఇది యాడికి పోతాది అని ఒకసారి అనుకోకుండా చెయ్యి వంగదు. నా కోడళ్లు దీనికి చాదస్తమని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

మిషను ఆవరణ వాలులో ఉండేది. పైన ఇంజను, దాని కింద కాయల కొట్టు, ఆ కింద మందుల కొట్టు, చివర గేటు. గేటు దాటితే వంక. మందుల కొట్టు మా ఆయన తెచ్చిన వ్యాపారం. ఆయన మా అత్తకు ఒక్కడే కొడుకు. అప్పుడప్పుడే చేలకు పొడిమందులు చల్లడం మొదలైంది. ఆకుమచ్చకు గంధకం, పురుగులకు ఇంకేదో తెల్లపొడి. మూటలు, డబ్బాలు దింపినరోజు ఆవరణంతా ఒకరకం ముక్కవాసన. మా అత్త ఒక డబ్బా చుట్టూ తిరిగి వాసన చూసి, "పురుగు చచ్చేది సరే, పురుగును చంపి ఇది యాడికి పోతాది?" అని అడిగింది. ఆమె వద్దనలేదు. మరునాడు పొద్దున్నే మందుల కొట్టుకు పైవైపు వదిలి మిగతా మూడు పక్కలా మోకాలెత్తు మట్టికట్ట వేయించింది. బండి పోవడానికి గేటు వైపు ఒక మడవ. పొద్దుగూకి తాళం వేసేముందు ఆ మడవను మట్టితో మూసి తీరాలి. పొద్దున్నే మళ్లీ తవ్వి తీయాలి.

ఊరికి ఇది పెద్ద వేడుకైంది. కాయలు తెచ్చిన రైతులు, "ఏం మిషనమ్మా, కొట్టులో వరి నాటుతాండావా?" అని అడిగేవారు. "నాటుతాండా. నువ్వొచ్చి కలుపు తియ్యి" అనేది. ఇంజను నడిపే దస్తగిరి ఒక్కడే నవ్వకుండా రోజూ మడవ మూసేవాడు. అతను ఆమెను అక్కా అని పిలిచేవాడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు: "అక్కా, వానలు పడేదే తక్కువ. ఈడ ఏ నీళ్లొస్తాయని ఈ కట్ట?"

"వానకు గాదప్పా. నిప్పుకు" అన్నది.

నిప్పుకు కట్ట ఏమిటో దస్తగిరికి అర్థం కాలేదు, నాకూ కాలేదు. నిప్పు కట్ట దాటదా? అడిగితే చెప్పేది కాదు. కొన్ని సంగతుల్లో ఆమెకు అంత మొండితనం.

మా ఆయనకు ఆ కట్టంటే ఒళ్లుమంట. బండ్లకు బదులు లారీలు రావడం మొదలైంది. లారీ వెనక్కి తిరగాలంటే కట్ట అడ్డం. నందికొట్కూరు దగ్గర తన పుట్టింటి వాళ్లింట్లో పెళ్లుందని మా అత్త వెళ్లినప్పుడు, ఆయన గేటు వైపు కట్టను మొత్తం చదును చేయించాడు. ఆమె తిరిగొచ్చి చూసి, కాళ్లు కడుక్కోకుండానే అందుకుంది.

"ఎవుర్నడిగి తీసినావు?"

"ఈ సీజను పోనీమ్మా. కాయలు పోయినాక మల్లా ఏస్తాంలే."

"నిప్పు నీ సీజను చూసి వస్తాదా?"

"కడప దాకా ఎన్ని మిషన్లుండాయి? యాడన్నా ఉండాదా ఇట్లాంటి కట్ట? నవ్వుతాండారమ్మా."

ఆమె బండ్లు కట్టించింది. మిట్ట మట్టి రెండు బండ్లు తోలించి గేటు పక్కన కుప్ప పోయించింది. రేపో మాపో కట్ట మొదలుపెట్టాలని. ఇంతలోనే అయింది.

నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఇంజను పొగగొట్టంలోంచి నిప్పురవ్వ ఎగిరి పొట్టుకుప్ప మీద పడింది. వేరుశనగ పొట్టు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చూసినవాళ్లకే తెలుసు. దస్తగిరి ఇంజను ఆపి కేకవేసేసరికి గాలి మంటను గోనెసంచుల మీదికి తీసుకుపోయింది, అక్కడినుంచి కాయల కొట్టు కప్పు మీదికి, అక్కడినుంచి మందుల కొట్టు మీదికి. గంధకం మూటలు నీలంగా కాలుతుంటే లేచిన పొగకు ముక్కులు, కళ్లు పగిలిపోయాయి. నాకప్పుడు నెల తప్పి ఎన్నాళ్లో కాలేదు. మా అత్త నన్ను గాలికి ఎదురుగా రోడ్డు పక్కకు తోసి, "ఈడనే ఉండు, కదిలితే కాళ్లిరగ్గొడతా" అని పరుగెత్తింది. అక్కడినుంచి నాకంతా కనిపించింది.

ఊరంతా కడవలతో వచ్చింది. మా సీమలో ఎవరింట నిప్పంటుకున్నా తమ ఇంటి తాగునీళ్ల కడవ ఎత్తుకుని పరుగెత్తుకొస్తారు, అది మా వాళ్ల మంచితనం. ముందొచ్చినవాళ్లు కాయల కొట్టు మీద నీళ్లు కుమ్మరించారు. ఆ నీళ్లు వాలులోకి జారి మందుల కొట్టులోకి పోయాయి. చూస్తుండగానే కాలిన డబ్బాల పొడిని, గంధకాన్ని కలుపుకుని, పచ్చగా, నురగగా గేటు వైపు బయల్దేరాయి. మా ఆయన తీయించిన కట్ట చోటునుంచి సన్నటి పాయ ఒకటి అడ్డం లేకుండా గేటు దాటింది.

మా అత్త కూడా అదే చూసింది. మంటకు వీపు పెట్టి గేటు దగ్గరికి వచ్చి, పారను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, నీళ్లు తెస్తున్న జనానికి ఎదురు నిలబడింది.

"నిలవండి! చుక్క పొయ్యొద్దు! ముందు మడవ మూయండి!"

జనం బిత్తరపోయి ఆగారు. తన మిషను తగలబడుతుంటే నీళ్లు పోయొద్దనే మనిషిని ఎవరు చూశారు? మా ఆయన సగం కాలిన చొక్కాతో పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! పిచ్చిగిన పట్టిందా నీకు? కాయలు కాలిపోతాండాయి! తప్పుకో!"

"కాలనీ."

"మనయి ఒక్కటే గాదు, రైతులయి గూడా ఉండాయి!"

"వాళ్లకు నేను చెప్పుకుంటా. తప్పుకోను."

ఆయన పార లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. తల్లీకొడుకులు ఊరందరి ముందూ పారకర్ర పట్టుకుని పెనుగులాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె కొడుకును చూడటం లేదు. వెనక కడవలతో నిలబడ్డ ఆడవాళ్లను చూస్తోంది.

"మేయ్, పొద్దున నీళ్లు యాడ ముంచుకొచ్చినారు?" అని అరిచింది. "ఈ వంకలోనే గదా? మీ కాళ్లకాడ చూడండి. ఇది యాడికి పోతాది?"

ఆడవాళ్లు కిందికి చూశారు. పచ్చటి నీళ్లు వాళ్ల కాలివేళ్ల మధ్యనుంచి వాలులోకి పోతున్నాయి. ముందుగా కడవ కింద పెట్టింది దస్తగిరి భార్య. కొంగు నడుముకు బిగించి, మట్టికుప్ప మీద మోకాళ్లూని, రెండు చేతులతో మట్టి తోసింది. ఆ వెంట అందరూ దిగారు. గంపలతో, చాటలతో, ఒళ్లో పోసుకుని మట్టి తెచ్చారు. ఆడవాళ్లు తెస్తుంటే మగవాళ్లు పారలతో సర్ది కాళ్లతో తొక్కారు. అందరూ పొలాలు చేసేవాళ్లే, గండి పూడ్చడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. కట్ట లేచింది. ఆలోపలే కాయల కొట్టు దూలాలు విరిగి కప్పంతా లోపలికి కూలింది. మా ఆయన చేతులు వదిలేసి నేలమీద చతికిలపడ్డాడు.

మా అత్త కట్ట చివరిదాకా నడిచి, మడమతో తొక్కి చూసి, "ఇప్పుడు పోయండి" అన్నది. కాపాడటానికి అప్పటికి ఇంజను గది తప్ప ఏమీ మిగల్లేదు. ఆ గది నిలిచింది. కట్ట లోపల పచ్చనీళ్లు మడమల లోతు నిండాయి. ఫైరింజను కడపనుంచి వచ్చేటప్పటికి పొద్దు వాలింది. అందులోవాళ్లు గొట్టాలు విప్పబోతే, "ఇంగ నీళ్లొద్దు నాయనా, మజ్జిగ తాగిపోండి" అని చెంబులు ఇప్పించింది. మిషను కాలినరోజు మజ్జిగ పంచిన మనిషి అని ఊళ్లో చాన్నాళ్లు చెప్పుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని రోజులవి.

ఆ నీళ్లను ఏం చేయాలో ఆమెకు ముందే తెలిసినట్టుంది. మేకలు, కుక్కలు దిగకుండా చుట్టూ కంప నాటించింది. ఎండలు మా సీమవి, నీళ్లను తాగడంలో వాటిని మించినవి లేవు. మడుగు ఎండి నేలమీద పచ్చటి పెచ్చు కట్టింది. ఆ పెచ్చును, కింద తడిసిన మట్టిని, కాలిన డబ్బాలను, బూడిదను ఎత్తించింది. కట్ట మూసేలోపల తప్పించుకున్న ఆ సన్నపాయ వెంట నడిచి, వంక ఒడ్డున అది ఎంతమేర ఇంకిందో చూసి, తడి తగిలినంత ఇసుక తవ్వించి బండ్లకెత్తించింది. ఊరికి దూరంగా, మిట్టమీద పాత నీలిమందు తొట్లు ఉండేవి. ఎప్పుడో నీలి ఆకు నానబెట్టడానికి గచ్చు చేసి కట్టినవి, చుక్క కారవు. ఆ తొట్లలో ఒకదాంట్లో అంతా పోయించి, పైన మట్టి కప్పించి, బండలు పరిపించింది.

చివరి బండి పోసినరోజు నేనూ వెంట వెళ్లాను. పని అయ్యాక తొట్టి గోడ మీద కూర్చుంది. అప్పుడు అడిగాను, నిప్పుకు కట్ట ఎందుకో ఆమెకు ఎట్లా తెలుసని. చేతులకంటిన మట్టి కొంగుకు తుడుచుకుని చెప్పింది.

"మా ఊర్లో తోళ్ల మండీ కాలింది మే. నాకప్పుడు పెండ్లి గాలేదు. బాయి పక్కనే మండీ. జనం ఆ బాయి నీళ్లే చేది చేది పోసిరి. మండీలో తోళ్లకు పూసిన ఉప్పు, సున్నం, ఇంకేం మందులో, అన్నీ కరిగి మల్లా ఆ బాయిలోకే పాయె. మంట ఆరిపాయె. అందరూ సంతోషపడిరి. బాయి ఇంగ తేరుకోలే. మా యమ్మ పక్కూరికి పోయి నీళ్లు మోసి మోసి, ఆ కడవ కిందనే సచ్చిపాయె."

అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంత చేసినా ఊరు మమ్మల్ని నమ్మలేదు. ఆ పచ్చటి పాయ గేటు దాటడం అందరూ చూశారు. ఇసుక ఎత్తించిందని తెలుసు, అయినా ఎవరికి ధైర్యం? మిషనోళ్ల మందు వంకలో కలిసిందన్నారు. కట్ట కట్టడానికి మట్టి మోసినవాళ్లే రోడ్డు అవతల, పొలాలు దాటి, ఎక్కడో ఉన్న మంచినీళ్ల తోటబావికి నీళ్లకు పోవడం మొదలుపెట్టారు. మిట్ట ఎండలో మా గుమ్మం ముందునుంచే కడవలతో వరసగా పోయేవారు. ఒక్కరూ మాట అనేవారు కాదు. అది చూడలేక మా అత్త తలుపు దగ్గరగా వేసుకునేది. మిషను పోయినరోజు కంట నీరు పెట్టని మనిషి, ఆ ఆడవాళ్లు పోతుంటే తలుపు వెనక నిలబడి గోడ గీకేది. ఆమె పోగొట్టుకున్నదంతా ఆ వంక కోసమే. ఆ వంకనే ఊరు వదిలేసింది.

ఒకనాడు పార తీసుకుని వంకలోకి దిగింది. ఇసుక తవ్వించిన చోటికి సరిగ్గా కింద, ఎవరూ పొమ్మన్నా పోని చోట, చెలమ తీసింది. రోజూ పొద్దున పోయి చుట్టూ ఇసుకలో పిట్టల అడుగులు ఉన్నాయా అని వంగి చూసేది. ఉంటే ఆమె ముఖం విప్పారేది. ముందు మేకకు తాపి చూడమని దస్తగిరి అన్నాడు.

"నోరులేని దానికి తాపి చూస్తానా? నోరుండేదాన్ని నేనుండా గదా" అని దోసిలి పట్టింది.

ఇంటికీ అవే తెచ్చుకుంది. అయితే నా దగ్గరికి ఆ కడవ రానిచ్చేది కాదు. వంటింట్లో రెండు కడవలు పెట్టింది. ఒకటి చెలమది, తనకు. ఒకటి తోటబావిది, నాకు. ఆ తోటబావి నీళ్లు తనే మోసుకొచ్చేది, ఊరి ఆడవాళ్ల వరసలో అందరికన్నా వెనక నడుస్తూ.

"నీళ్లు మంచివే అంటావు గదా అత్తా, నాకెందుకు పొయ్యవు?" అని ఒకసారి ఉక్రోషంగా అడిగాను.

"నాకు తెలుసు మంచివేనని. కడుపులో ఉండేదానికి తెలీదు గదా. అది రానీ, అడిగి పోస్తా" అన్నది.

మా ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. కాలిన ఆవరణలో పొద్దంతా ఒక్కడే తిరిగేవాడు. కాలిన కాయలకు డబ్బు కడతానని రైతులకు చెప్పుకున్న మాట నిలబెట్టుకోవడానికి ఆమె ఇంజను అమ్మేసింది, రోడ్డువైపు చేను అమ్మేసింది. మిషను మళ్లీ లేవలేదు. అన్నం దగ్గర తల్లీకొడుకుల మధ్య నేను పప్పుగిన్నె అటూ ఇటూ అందించేదాన్ని. ఆమె అప్పుడు కూడా ముద్దకు గట్టు కట్టుకునేది గానీ, గండి పడినా నవ్వేది కాదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఇప్పటికీ ఆ మౌనం తలుచుకుంటే ఆయనను లేపి రెండు మాటలనాలనిపిస్తుంది. ఆయనా లేడు.

వానలొచ్చాయి, వంక పారింది, ఎండింది. చలికాలంలో నాకు కొడుకు పుట్టాడు. పురుడు ఆమే పోసింది. మా వైపు పురుడు తీరాక బాలెంతరాలు మొదటిసారి నీళ్లకు పోయినరోజు, నీళ్లుండే చోట పసుపూ కుంకుమా పెట్టి, ఇంత గుగ్గిళ్లు నైవేద్యం పెట్టి, కడవ ముంచుకుని ఇంటికి వస్తుంది. వెంట ఊరి ముత్తైదువలు తలా ఒక కడవ ముంచుకుంటారు. అందరూ ముంచిన నీళ్లతోనే ఆ పూట ఇంటింటా వంట. ఏ బావికి పోతే ఆ బావి ఆ బిడ్డదన్నట్టు.

ఎక్కడికి పోవాలని నేను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. తోటబావికి అనుకుని ఊరంతటికీ పిలుపు పోయింది. ఆరోజు తెల్లవారి లేచి చూస్తే మా ఆయన పక్కమీద లేడు. మూలనున్న పార లేదు. పొద్దెక్కాక మోకాళ్ల దాకా ఇసుకతో వచ్చి గుమ్మంలో నిలబడి, ఎన్ని నెలల తర్వాతో తల్లితో మాట్లాడాడు.

"నీ చెలమ చిన్నగా ఉండాదమ్మా. పెద్దది చేసినా. అందరికీ చాలాల గదా."

ఆమె కొడుకు ముఖం వైపు చూడలేకపోయింది. నావైపు తిరిగి, "పా మే" అన్నది.

బిడ్డను ఎత్తుకుని, కడవ చంకన పెట్టుకుని నేను వంకవైపు తిరిగితే, మా గుమ్మం ముందు గుమిగూడిన ఆడవాళ్లు రోడ్డువైపు ఒక అడుగు వేసి ఆగిపోయారు. నేను వెనక్కి చూడకుండా వాలు దిగాను. చూస్తే ఏడుస్తానని భయం. మా అత్త రాలేదు. భర్త లేని మనిషి కాబట్టి ఒడ్డుమీద తుమ్మచెట్టు నీడన దూరంగా నిలబడింది. పసుపుకుంకుమల దగ్గరికి ఆమె రాకూడదట. ఆ చెలమను తవ్వింది ఆమె, తాగి నిలబెట్టింది ఆమె, చివరికి దూరంగా నిలబడాల్సిందీ ఆమే. అప్పుడది నాకు వింతగా తోచలేదు, ఇప్పుడు గుర్తొస్తే కడుపు మండుతుంది.

నేను పసుపు రాశాను, గుగ్గిళ్లు పెట్టాను, దోసిలి పట్టాను. ఒడ్డు మీదినుంచి ఆమె గొంతు వినిపించింది. "తాగు మే!"

తాగాను. తొమ్మిది నెలలు నా దగ్గరికి రానివ్వని నీళ్లు. ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను. తడివేలు బిడ్డ పెదవికి రాశాను, వాడు చప్పరించాడు. కడవ నింపుకుని లేచి తిరిగి చూశాను.

దస్తగిరి భార్య వాలు దిగుతోంది. ఆమె వెనక మా ఎదురింటామె. ఆ వెనక ఇంకొకరు. మొదట ఒకరొకరుగా, తర్వాత గుంపుగా, ఊరి ఆడవాళ్లు ఇసుకలోకి దిగారు. చెలమ చుట్టూ చోటు చాలక తోసుకున్నారు. చెంబు చెంబుకూ తగిలి చప్పుడవుతుంటే ఒకరినొకరు తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. నా కొడుకును చేతులు మార్చుకుంటూ ఎత్తుకున్నారు. ఒక్కో కడవా నిండి, ఒక్కొక్కరూ ఒడ్డెక్కి, మా అత్త పక్కనుంచి పోతూ, "వస్తామత్తా", "వస్తామక్కా" అని చెప్పి పోయారు. ఆమె అందరికీ తల ఊపుతూ నిలబడింది.

అందరూ పోయాక, ముత్తైదువల పని అయిపోయాక, ఆమె తన ఖాళీ కడవతో దిగొచ్చింది. చెలమలోకి వంగి చూసింది. అడుగున తడి ఇసుక తప్ప చుక్క లేదు.

"చూడు మే, ఊరంతా తోడుకోని పాయిరి. మనింటికి ఒక్క చెంబుడు మిగలనియ్యలే" అన్నది. అని, ఇసుకలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. నేను పక్కన కూర్చుని, నిద్రపోతున్న బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాను. అట్లాగే ముగ్గురం ఆ ఖాళీ చెలమ దగ్గర కూర్చుని, నీళ్లు మళ్లీ ఊరేదాకా ఎదురుచూశాం.